కనీసం కడితే చాలునా?

మధ్యతరగతి ఇంటికి నెలనెలా వచ్చే బిల్లులు ఇన్నీ అన్నీ కావు. కరెంటు, గ్యాసు, ఫోను, పిల్లల ఫీజులు, అపార్టుమెంటు మెయింటెనెన్సు. వీటి సరసన ఇప్పుడు క్రెడిట్ కార్డు బిల్లు కూడా వచ్చి కూర్చున్నది. తక్కిన వాటికీ దీనికీ ఒక తేడా ఉన్నది. కరెంటు బిల్లులో కట్టవలసిన అంకె ఒక్కటే. కార్డు బిల్లులో రెండు ఉంటాయి: మొత్తం బాకీ, కనీస బాకీ. సంసారాలకు చిక్కు తెచ్చిపెట్టేది ఈ రెండవదే.

కార్డు మనకు నిన్నమొన్న వచ్చినది కాదు. భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డు ఇచ్చింది. ఆ బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయినది గాని, అప్పట్లో ఏ కొద్దిమంది జేబులోనో ఉండిన కార్డు నేడు సామాన్య ఉద్యోగి జేబులోకి కూడా వచ్చింది. అంతకుముందు మనకు తెలిసిన అరువు వీధి చివరి కిరాణా కొట్టులో పద్దు. జీతం రెండురోజులు ఆలస్యమైతే కొట్టు యజమాని మన మొహం చూసి ఊరుకునేవాడు. కంప్యూటరుకు ఆ మొహమాటం లేదు.

మా కళాశాలలో ఒక మిత్రుడు ఆ మధ్య బిల్లు పట్టుకొని నా దగ్గరకు వచ్చారు. “మాస్టారూ, గడువులోపలే కట్టాను కదండీ! ఈ వడ్డీ ఎక్కడిది?” అన్నారు. ఆయన జూన్ 5న 20,000 రూపాయలకు ఇంటికి ఫ్రిజ్ కొన్నారు. జూన్ 20న బిల్లు తయారైనది. గడువు జూలై 10. కనీస బాకీ 1,000 అని ఉంటే, సరిగ్గా ఆ తేదీనాడు ఆ వెయ్యీ కట్టి నిశ్చింతగా ఉన్నారు. ఆలస్య రుసుము పడలేదు, నిజమే. కాని ఆ కార్డుకు వడ్డీ నెలకు మూడున్నర శాతం, అంటే ఏడాదికి 42. మొత్తం బాకీ తీర్చకపోతే వడ్డీ లేని గడువు రద్దవుతుంది. కొన్నరోజునుంచే వడ్డీ లెక్కిస్తారు. ముప్పయి అయిదు రోజులకు సుమారు 805 రూపాయలు, దానిమీద 18 శాతం జి.ఎస్.టి. 145. వెరసి 950. కట్టిన వెయ్యి ఇంచుమించు వడ్డీకే సరిపోయినదన్నమాట! ఆపైన మిగిలిన 19,000 మీద నెలకు 665 చొప్పున వడ్డీ నడుస్తూనే ఉంటుంది. పాతబాకీ ఉన్నంతకాలం కొత్తగా ఉప్పూ పప్పూ కొన్నా, కొన్ననాటినుంచే వడ్డీ.

ఇందులో తప్పు మిత్రుడిది కాదు, మాటది. “ఇంటికి వస్తే కనీసం మంచినీళ్ళయినా ఇవ్వలేదు” అంటాము. ఆ మంచినీళ్ళు ఇస్తే మర్యాద దక్కినట్లే. మన భాషలో కనీసం చేసినవాడు మాట పడడు. కార్డు బిల్లులో కనీసానికి ఆ అర్థం లేదు. అది ఆలస్య రుసుమును మాత్రమే ఆపుతుంది, వడ్డీని ఆపదు.

ఇక ఆలస్య రుసుము సంగతి. బ్యాంకుకొక పట్టీ ఉంటుంది; బాకీ పెరిగినకొద్దీ రుసుము పెరుగుతుంది. గడువు దాటి మూడు రోజులు మించితే తప్ప ఈ రుసుము వేయరాదని రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది. అయితే ఆ వెసులుబాటు రుసుముకే గాని వడ్డీకి కాదు. వడ్డీ ఏడాదికి 30 శాతం మించరాదని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో చెప్పిన తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో కొట్టివేసింది. కనుక ఏదో పరిమితి మనలను కాపాడుతుందని కూర్చుంటే లాభం లేదు.

డబ్బుతో పోయేదయితే కొంత నయమే. మూడు రోజులు దాటిన బాకీ క్రెడిట్ సమాచార సంస్థల పద్దులోకి ఎక్కుతుంది. 300 నుంచి 900 దాకా ఉండే ఆ స్కోరును చూసే రేపు ఇంటి అప్పుకో, అమ్మాయి చదువు అప్పుకో బ్యాంకువారు అవుననీ కాదనీ అంటారు. మరచిపోయిన చిన్న బిల్లు అక్కడ అడ్డు తగలవచ్చును.

మరి ఏమి చేయాలి? మొదటిది, బిల్లు తేదీ మార్చుకోవడం. కోరితే ఒక్కసారయినా మార్చవలసిందే అన్న నియమం ఉన్నది. జీతం ఒకటవ తారీకున వచ్చేవారు గడువు అయిదుకో ఆరుకో పడేటట్లు చూసుకుంటే నెలాఖరు హైరానా తప్పుతుంది. రెండవది, ఖాతానుంచి తనంతట తానే బిల్లు చెల్లిపోయే ఆటో డెబిట్. అక్కడకూడా “మొత్తమా, కనీసమా?” అని అడుగుతారు, మొత్తం అనే పెట్టండి. ఖాతాలో ఆనాటికి సొమ్ము లేకపోతే ఆ ఏర్పాటూ వృథాయే సుమా. మూడవది, ఇంట్లో భార్యాభర్తలిద్దరికీ గడువు తేదీ తెలిసి ఉండడం. గోడమీది క్యాలెండరులో చుట్టిన ఎర్రసిరా సున్న ఇప్పటికీ బాగానే పనిచేస్తుంది. అబ్బాయికి అదనపు కార్డు ఇప్పించినా బాకీ బాధ్యత అసలు కార్డుదారుదే. ఏ.టి.యం.లో కార్డుమీద నగదు తీస్తే వడ్డీ లేని గడువే లేదు.

ఒకనెల ఆసుపత్రి ఖర్చో, శుభకార్యమో వచ్చి మొత్తం కట్టలేకపోవచ్చును. అప్పుడు కనీస బాకీ తప్పక కట్టి, వీలయినంత దానికి కలపండి. మిగిలినది వాయిదాలుగా మార్చుకుంటే వడ్డీ ఎంత తగ్గుతుందో బ్యాంకును అడగండి. లెక్క తప్పుగా తోస్తే రాతమూలకంగా ఫిర్యాదు చేయండి. ముప్పయి రోజులలో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా వ్రాసుకోవచ్చును.

మా మిత్రుడు దాచుకున్న సొమ్ములోంచి తీసి, మిగిలిన బాకీ అంతా ఒక్కసారే తీర్చివేశారు. “దాచినదానికి ఏడు శాతం వస్తుంటే, బాకీకి నలభైరెండు ఇస్తున్నానే!” అన్నారు నవ్వుతూ. ఈ నెల మీ ఇంటికి బిల్లు వచ్చినప్పుడు ముందుగా పెద్ద అంకె చదవండి. చిన్న అంకె సంగతి తరువాత.