అనకట్ట పూర్తయిన ఏడాదే అచ్చయిన నిఘంటువు

ఆ మధ్య గోదావరికి వరదొచ్చినప్పుడు నేను హైదరాబాద్‌లో ఆఫీసులో ఉన్నాను. అమ్మ ఫోన్ చేసి "లంకలోకి నీళ్ళొచ్చేశాయిరా" అంది. పక్క సీటులో ఉండే కడప కుర్రాడు స్పీకర్‌లో విని, "శ్రీలంకలో మీకు చుట్టాలున్నారా?" అన్నాడు. నవ్వొచ్చింది. వెంటనే కాస్త బాధ కూడా వేసింది. గోదావరి పాయల మధ్య మేట వేసి తేలిన నేలని మా కోనసీమలో లంక అంటాం. అదే మాట సాటి తెలుగువాడికి విడమర్చి చెప్పాల్సొచ్చింది.

ఫోన్‌లో నిఘంటువు తెరిచి చూపించాను. లంక అంటే దీవి అనే అర్థం ఉంది, పక్కనే బ్రౌన్ అన్న పేరు. "మా బ్రౌనే!" అన్నాడు వాడు. కడపలో సి.పి. బ్రౌన్ పేరిట గ్రంథాలయం ఉంది మరి. బ్రౌన్ ఉన్న బంగళా స్థలంలో దాన్ని నిలబెట్టడానికి జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు ఎన్నో ఏళ్ళు తిరిగారు.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798లో కలకత్తాలో పుట్టాడు. తండ్రి పోయాక కుటుంబం ఇంగ్లండు వెళ్ళింది. 1817లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా మద్రాసు వచ్చి, ఉద్యోగానికి అవసరం కాబట్టి తెలుగు మొదలుపెట్టాడు. వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర అక్షరాలు దిద్దాడు. 1820లో కడప, ఆ తర్వాత మచిలీపట్నం, అక్కణ్ణుంచి రాజమండ్రి. మన కోనసీమ అప్పుడు రాజమండ్రి జిల్లాలోదే.

వేమన పేరు ఆయన ఓ ఫ్రెంచి ఫాదరీ రాసిన పుస్తకంలో చూశాడట. ఇక తాటాకు ప్రతుల వేట మొదలైంది. ఒక ప్రతిలో ఉన్న పద్యం ఇంకోదాంట్లో ఉండదు, ఉన్నా మాట మారిపోతుంది. అన్నీ పక్కపక్కన పెట్టుకుని, తేడాలు గుర్తించి, సరైన పాఠం తేల్చాలి. ఒకే ఫైలుని పదిమంది పది రకాలుగా మారిస్తే ఏమవుతుందో మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి బాగా తెలుసు. ఆ పని ఆయన కంప్యూటర్ లేకుండా చేయించాడు. 1829లో 693 వేమన పద్యాలు ఇంగ్లీషు అనువాదంతో అచ్చేశాడు. 1839 నాటికి అవి 1164 అయ్యాయి.

"చేయించాడు" అన్న మాట కావాలనే రాశాను. కడప బంగళాలో జూలూరి అప్పయ్య, అద్వైత బ్రహ్మయ్య లాంటి పండితులు, రాయసగాళ్ళు కూర్చుని ప్రతులు రాశారు, పాఠాలు పోల్చారు, వ్యాఖ్యానాలు కట్టారు. వాళ్ళకి జీతాలు బ్రౌన్ తన జేబులోంచి ఇచ్చాడు. అందుకు అప్పులూ చేశాడు. డబ్బు, పట్టుదల ఆయనవి. చదువు మాత్రం వాళ్ళది. నిఘంటువు అట్ట మీద ఒక్క పేరే కనిపిస్తుంది కదా, మిగతా పేర్లు మనమే గుర్తుపెట్టుకోవాలి.

ఆ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వచ్చింది. ఆ ఏడాది కోనసీమ వాళ్ళకి వేరే కారణంతో గుర్తుంటుంది. ధవళేశ్వరం అనకట్ట పూర్తయింది అప్పుడే. కాటన్ దొర విగ్రహం మా దగ్గర ఊరూరా కనిపిస్తుంది. బ్రౌన్ గురించి మాత్రం స్కూల్లో ఒక పాఠం, అంతే.

అలాగని ఆయన్ని దేవుణ్ణి చేయక్కర్లేదు. శిస్తులు వసూలు చేసి, కోర్టులు నడిపిన కంపెనీ పాలనలో ఆయనా ఒక అధికారే. పాలించడానికి భాష కావాలి, అందుకే తెల్లదొరలకి తెలుగు నేర్పించారు. కానీ ఉద్యోగానికి చాలినంత నేర్చుకుని ఆగిపోయిన వాళ్ళు బోలెడుమంది. బ్రౌన్ ఆగలేదు. కావ్యాల మాటలతో సరిపెట్టుకోకుండా కచేరీల్లో, వీధుల్లో తిరిగే మాటలూ పోగేశాడు. కచేరీల్లో వాడే పరభాషా పదాలకి విడిగా నిఘంటువే చేశాడు. 1855లో ఉద్యోగం వదిలి వెళ్ళాక లండన్‌లో తెలుగు ప్రొఫెసర్ అయ్యాడు. 1884లో అక్కడే పోయాడు.

ఇప్పుడు మనం ఆన్‌లైన్లో చూసేది 1903లో సవరించిన కూర్పు. దాన్ని సవరించిన వారిలో మన రాజమండ్రి కందుకూరి వీరేశలింగం గారూ ఒకరు. అంటే ఆ పని బ్రౌన్‌తో అయిపోలేదు, తర్వాత వాళ్ళు అందుకున్నారు.

మరి ఇప్పుడు? పోయిన సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు అమ్మమ్మ దగ్గర కూర్చుని ఫోన్‌లో మాటలు రాసుకోవడం మొదలెట్టాను. కొబ్బరి దింపు, పంట బోదె, పుంత... పేపర్లో "కొత్త పుంతలు" అని రోజూ చదువుతాం గానీ, పుంత అంటే మా చేల మధ్య నుంచి వెళ్ళే మట్టి దారి. ఇప్పుడది సిమెంటు రోడ్డయింది, పిల్లలు రోడ్డనే అంటున్నారు. నలభై మాటలయ్యేసరికి అమ్మమ్మకి విసుగొచ్చింది. "ఇవన్నీ ఎందుకురా, అందరికీ తెలిసినవేగా?" అంది.

తెలిసినవే అనుకుంటాం. పక్క సీటువాడు అడిగేదాకా నేనూ అలాగే అనుకున్నాను. మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఈ ఆదివారం ఓ పది మాటలు రాసి పెట్టండి. జీతంలోంచి పైసా తీయక్కర్లేదు, ఓ గంట కూర్చుంటే చాలు.