బోధనాసుపత్రుల రేడియాలజీ విభాగాలు - పరిశోధనావకాశాలు, సౌకర్యాలు

బోధనాసుపత్రిలోని రేడియాలజీ విభాగం రోగ నిర్ధారణకే పరిమితమైనది కాదు. ఎం.డి. రేడియో డయాగ్నసిస్ విద్యార్థులు మూడేళ్ల కోర్సులో థీసిస్ సమర్పించడం తప్పనిసరి అయినందున, ఆ విభాగం పరిశోధనా కేంద్రం కూడా. అయితే అధునాతన యంత్రాలు ఉంటేనే పరిశోధన సాధ్యమనే అభిప్రాయం తరచుగా వినవస్తుంది. ఫ్లోరోసిస్ వ్యాధిపై తెలుగు నేలన జరిగిన కృషి ఇందుకు భిన్నమైన అనుభవాన్ని తెలియజేస్తుంది.

నాటి నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధి ఉనికిని షార్ట్, పండిట్, రాఘవాచారి 1937లో ప్రకటించారు. నల్లగొండ జిల్లా పరిస్థితిపై సిద్దిఖీ వ్యాసం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది. వెన్నెముక గట్టిపడిన రోగులలోనే కాళ్ల ఎముకలు పలుచబడి మోకాళ్లు లోపలికి వంగుతున్నాయని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో వెల్లడించారు. ఇదంతా మన దేశానికి సీటీ స్కానర్ రాకముందు జరిగినదే. ముంజేతిలోని రెండు ఎముకల మధ్య పొర ఎముకగా మారడం నేటికీ ఈ వ్యాధికి ముఖ్యమైన ఆనవాలు. అది సాధారణ ఎక్స్‌రేలోనే కనిపిస్తుంది. వెన్నుపాము ఎంత మేరకు నొక్కుకుపోయిందో తెలుసుకొనుటకు మాత్రం ఎం.ఆర్.ఐ. అవసరం.

తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించరాదన్నది జాతీయ ప్రమాణం. సురక్షిత నీరు అందిన గ్రామాలలో పిల్లల ఎముకలు వారి పెద్దల ఎముకల కంటే ఆరోగ్యంగా ఉన్నాయా అన్నది పరిశోధించదగిన ప్రశ్న. దీనికి సమాధానం పాత ఎక్స్‌రేలలో ఉంటుంది. ఫిల్మును రోగికి అప్పగించి, ఆసుపత్రిలో ప్రతి ఉంచకపోతే ఆ సాక్ష్యం మరల లభించదు. అందువలన కొత్త యంత్రంతో సమానంగా, చిత్రాలను కంప్యూటర్‌లో భద్రపరచే ప్యాక్స్ వ్యవస్థకు, వయస్సు, గ్రామం వివరాల నమోదుకు నిధులు కేటాయించడం సమంజసం.

పరిశోధన ప్రారంభించుటకు ముందు సంస్థ ఎథిక్స్ కమిటీ ఆమోదం పొందవలసి ఉంటుంది. భారత వైద్య పరిశోధనా మండలి 2017లో జారీ చేసిన మార్గదర్శకాలు ఇందుకు ఆధారం. పేర్లు తొలగించినంత మాత్రాన గోప్యత సమకూరదు. చిన్న గ్రామంలో వయస్సు, వ్యాధి తెలిస్తే మనిషిని గుర్తించడం కష్టం కాదు. ఎక్స్‌రే, సీటీ పరికరాలు అణుశక్తి నియంత్రణ మండలి పరిధిలోనివి. సిబ్బందికి సోకే వికిరణం ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులకు మించరాదు. గర్భిణులకు చేసే అల్ట్రాసౌండ్ పరీక్షలకు 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం వర్తిస్తుంది. పరిశోధన పేరిట దానికి మినహాయింపు లేదు.

ఫిల్ముల ఛాయాచిత్రాలను ప్రచురించే పాత్రికేయులు అంచున ముద్రితమైన రోగి పేరు, నమోదు సంఖ్యలను తొలగించవలసి ఉంటుంది.