బలిపీఠం దగ్గర స్త్రీకి చోటేది?

మన హాస్టల్లో ఆర్‌సీఎం బడుల్లో చదివి వచ్చినవాళ్ళం చాలామందిమి ఉన్నాం. అక్కడ బడి నడిపేది సిస్టర్లు, ఆసుపత్రి నడిపేది సిస్టర్లు. కాని ఆదివారం దివ్యబలిపూజ చేసేది మాత్రం ఫాదరే. సిస్టరు ఎన్ని చదువులు చదివినా ఆ పూజ ఎందుకు చేయకూడదు? మేము తెలుసుకున్నంతలో చెప్పడానికే ఈ చిన్న వ్యాసం. ఏ మతాన్నీ కించపరచడం మా ఉద్దేశం కాదు.

కేథలిక్ సంఘానికి సొంత చట్టం ఉంది. 1983లో ప్రకటించిన ఆ చట్టంలో 1024వ నిబంధన ప్రకారం జ్ఞానస్నానం పొందిన పురుషుడికి ఇచ్చిన గురుపట్టమే చెల్లుతుంది. 'చెల్లుతుంది' అన్న మాట గమనించాలి. ఒక బిషప్పు స్త్రీకి పట్టం ఇచ్చినా అది అసలు జరగనట్టే లెక్క.

దీనికి వాటికన్ 1976లో ఒక పత్రంలో కారణాలు వివరించింది. యేసు ఎన్నుకున్న పన్నెండుమంది అపోస్తలులూ పురుషులే. సంఘం ఆ సంప్రదాయాన్నే పాటిస్తూ వచ్చింది. పైగా బలిపూజలో గురువు క్రీస్తు స్థానంలో నిలబడతాడు, క్రీస్తు పురుషుడు. 1994లో పోపు రెండవ జాన్ పాల్ ఇంకో అడుగు వేసి, స్త్రీలకు పట్టం ఇచ్చే అధికారమే సంఘానికి లేదని, ఇదే చివరి మాట అని ప్రకటించారు. అంటే సంఘం చెప్పేది 'ఇవ్వం' అని కాదు, 'ఇవ్వలేం' అని.

దీన్ని ఒప్పుకోని కేథలిక్కులు కూడా ఉన్నారు. ఆ పన్నెండుమంది పురుషులే కాదు, యూదులు కూడా. మరి యూదులు కానివాళ్ళు గురువులు అవుతున్నారు గదా అని వారి ప్రశ్న. పునరుత్థాన వార్తను శిష్యులకు మోసుకెళ్ళింది మగ్దలా మరియమ్మ. రోమా పత్రికలో పౌలు ఫీబే అనే పరిచారకురాలిని పేరుపెట్టి చెప్పాడు. వాటికన్ బైబిలు పండితుల సంఘం కూడా 1976లో, కొత్త నిబంధన ఒక్కదానితో ఈ ప్రశ్న తేలదని అభిప్రాయపడింది. 2002లో డాన్యూబ్ నదిలో పడవ మీద ఏడుగురు స్త్రీలు పట్టం తీసుకున్నారు. వాటికన్ వారిని వెలివేసింది.

ఇది పూజ ఒక్కదానితో పోయే విషయం కాదు. గురుపట్టం లేనివారు పాపసంకీర్తనం వినలేరు, పీఠాధిపతి కాలేరు. 2025 మే నెలలో కొత్త పోపును ఎన్నుకున్న 133 మంది కార్డినల్స్‌లో ఒక్క స్త్రీ లేదు. మార్పు బొత్తిగా లేదని కాదు. 2023 సినడ్‌లో స్త్రీలకు మొదటిసారి ఓటు వచ్చింది. 2025 జనవరిలో సిస్టర్ సిమోనా బ్రాంబిల్లా వాటికన్‌లో ఒక పెద్ద విభాగానికి అధిపతి అయ్యారు. గురుపట్టం దగ్గర మాత్రం గీత అలాగే ఉంది.

మన దగ్గరి సంగతి రెండు మాటల్లో. ప్రొటెస్టెంట్ సంఘమైన సీఎస్ఐలో 2013లో పుష్పలలిత గారు నంద్యాలకు బిషప్పు అయ్యారు. ఆ సంఘంలో ఆమే మొదటి మహిళా బిషప్పు. హైదరాబాదు ఆర్చిబిషప్పు పూల అంతోని గారు 2022లో కార్డినల్ అయ్యారు. దళితుల్లో ఆయనే మొదటివారు. దళితుడు కార్డినల్ కాకూడదని ఏ చట్టంలోనూ రాసి లేదు, అయినా అంతకాలం పట్టింది. స్త్రీ విషయంలో అడ్డు చట్టంలోనే రాసి ఉంది.

మా ఇళ్ళలో మొదటి డిగ్రీ మాది. మా అక్కల్లో చాలామంది పదో తరగతితోనే ఆగిపోయారు. అడిగితే పెద్దలు చెప్పింది 'మన ఆనవాయితీ అంతే, మన చేతుల్లో ఏముంది' అని. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, ఆ మాట నిజమని నమ్మారు. కాబట్టి మిత్రులారా, మార్చే అధికారం మాకు లేదని ఎవరైనా అన్నప్పుడు, ఆ అధికారం లేదని తేల్చింది ఎవరు, ఆ తేల్చినచోట ఎవరికి కుర్చీ లేదు అని మర్యాదగానే అడుగుదాం.