34 ఏళ్లు ఆగిన మైల్స్ డేవిస్ ఆల్బమ్.. అసలేం జరిగింది?

కర్నూలు, కడపల్లో పెళ్లి ఊరేగింపు వస్తుంటే బ్యాండ్ మేళంలో గట్టిగా వినిపించేది ట్రంపెట్. అదే వాయిద్యంతో అమెరికా జాజ్‌ని మలుపు తిప్పినవాడు మైల్స్ డేవిస్. ఆయన 1985లో మొదలుపెట్టిన 'రబ్బర్‌బ్యాండ్' ఆల్బమ్ బయటికొచ్చింది మాత్రం 2019 సెప్టెంబర్‌లో! అప్పటికి ఆయన చనిపోయి దాదాపు 28 ఏళ్లు.

ఎందుకింత లేటు? దాదాపు 30 ఏళ్లు పనిచేసిన కొలంబియా కంపెనీని వదిలి, వార్నర్ బ్రదర్స్‌కి మారిన కొత్తలో చేసిన రికార్డింగ్ ఇది. అప్పట్లో రేడియోల్లో మోగుతున్న ఫంక్, సోల్ బాణీ పట్టారు. పాడటానికి చాకా ఖాన్, ఆల్ జారోలను అనుకున్నారు. అంతలోనే ప్లాన్ మారింది, టేపులు మూలనపడ్డాయి. వాటి బదులు మార్కస్ మిల్లర్‌తో చేసిన 'టూటూ' 1986లో రిలీజైంది, గ్రామీ కూడా కొట్టింది.

ఏళ్ల తర్వాత అప్పటి నిర్మాతలు ర్యాండీ హాల్, జేన్ గైల్స్, ఆ రికార్డింగ్‌లో డ్రమ్స్ వాయించిన మైల్స్ మేనల్లుడు విన్స్ విల్‌బర్న్ జూనియర్ కలిసి ఆ టేపుల్ని బయటికి తీశారు. కొత్త వాయిద్యాలు, లెడిసీ, లేలా హాథవే గొంతులు జోడించారు. చిక్కంతా ఇక్కడే. ట్రంపెట్ మైల్స్‌దే. కానీ ఇప్పుడు మనం వింటున్న మిక్స్‌కి ఓకే చెప్పింది ఆయన కాదు. ముందు 'టూటూ' విని, ఆ వెంటనే ఇది పెట్టుకోండి. ఎక్కడ మైల్స్ ఉన్నాడో, ఎక్కడ మిగతావాళ్లు ఉన్నారో మీ చెవులకే తెలుస్తుంది.