గవ్వలు పడకముందే చెప్పుకోవాలి

శివరాత్రి జాగారం మీ యింట్లో ఎలా గడుస్తుందని ఎవరైనా అడిగితే, పురాణ కాలక్షేపంతో అని చెప్పడం మర్యాద. మా యింట్లో మాత్రం సగం రాత్రి పురాణంతోనూ, తక్కిన సగం తగాదాతోనూ గడుస్తుంది. తగాదా అంటే మరేమీ కాదు, అష్టాచెమ్మా! నేలమీద సుద్దముక్కతో పటం గీయడానికి నిమిషం చాలు. జంట కాయలను చంపవచ్చునా, కూడదా అన్న ప్రశ్న తేలేసరికి మాత్రం మొదటి జాము కాస్తా గడిచిపోతుంది.

ఇందుకు తప్పు మాది కాదు, మా ఊరిది. నారాయణఖేడ్ మూడు భాషల ముంగిట్లో ఉన్న ఊరు. ఒకప్పుడు హైదరాబాదు సంస్థానంలో బీదరు జిల్లాకు చెందిన తాలూకా. 1956లో భాషల వారీగా రాష్ట్రాలు ఏర్పడినప్పుడు బీదరు కన్నడం వైపు వెళ్ళింది, మా తాలూకా తెలుగు వైపు వచ్చి మెదకు జిల్లాలో చేరింది. 2016 నుంచి సంగారెడ్డి జిల్లాలో ఉంది. సర్కారువారు గీత గీశారు గాని, వియ్యాలు ఆ గీతను లెక్కచేస్తాయా? మా అత్తగారి పుట్టిల్లు బీదరు. మా యారాలు (తోడికోడలిని ఇక్కడ అలాగే అంటారు) దెగ్లూరు నుంచి వచ్చిన మరాఠీ పిల్ల. నేనేమో వరంగల్లు మనిషిని. ఒకే పటాన్ని అత్తగారు చౌకాబారా అంటారు, యారాలు చల్లస్ ఆఠ్ అంటుంది, నేను అష్టాచెమ్మా అంటాను. పేరు ఏదైతేనేం, పటం ఒకటే గదా అనుకున్నాను కొత్తలో. ప్రతి కోడలూ సారెతోపాటు తన పుట్టింటి నియమాలను కూడా మూటగట్టుకు వస్తుందని తర్వాత తెలిసింది.

వాటిలో మూడు ప్రశ్నలు ముఖ్యమైనవి. ఒకే గడిలో ఒకరివే రెండు కాయలు జంటగా ఉంటే ఒంటికాయ వచ్చి వాటిని చంపవచ్చునా? వరుసగా మూడుసార్లు నాలుగో ఎనిమిదో పడితే ఆ పందేలు చెల్లుతాయా, మురిగిపోతాయా? ఎదుటివాళ్ళ కాయను ఒక్కటైనా చంపకుండా లోపలి గళ్ళలోకి పోనిస్తారా? ఒక్కొక్క యింట్లో ఒక్కొక్క జవాబు. ఏది సరైనదంటే అన్నీ సరైనవే. ఈ ఆటకు అచ్చువేసిన శాసనమేదీ లేదు. మా అత్తగారు మాత్రం ఒక శాసనం పెట్టారు. గవ్వలు చేతిలోకి తీసుకుని, గుప్పిట మూసి, మూడు ప్రశ్నలూ పైకి అడుగుతారు. అందరూ ఒప్పుకున్నాకనే గుప్పిట తెరుస్తారు.

"గవ్వలు పడక ముందు ఏమన్న మాట్లాడున్రి. పడ్డంక మాట మారిస్తె అది ఆట గాదు, దోపిడి" అంటారావిడ.

ఈ మాట విలువ మాకు 2017 శివరాత్రి నాడు తెలిసివచ్చింది.

నేర్పు ఎంత, అదృష్టం ఎంత?

ఆ ఏడు మా బావగారి కొడుకు పటాన్‌చెరు నుంచి వచ్చాడు. అక్కడ కార్ఖానాలో ఉద్యోగం. కుర్రాడు చురుకైనవాడు, లెక్కల్లో గట్టివాడు. అయితే ఆ రాత్రి కూర్చున్నంతసేపూ ఫోను వంకే చూస్తున్నాడు. ఏమిట్రా అది అంటే రమ్మీ అన్నాడు. డబ్బులకేనా అంటే, "చిన్నమ్మా, ఇది జూదం కాదు. నేర్పున్న ఆట అని సుప్రీంకోర్టే చెప్పింది" అన్నాడు.

అబద్ధం కాదు. 1963లో సికింద్రాబాదులోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడుతున్నవారిని పోలీసులు పట్టుకున్నారు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1967 నవంబరులో తీర్పు వచ్చింది. రమ్మీ మూడుముక్కలాట వంటి ఒట్టి అదృష్టపు ఆట కాదనీ, ఏ ముక్కలు పడ్డాయో గుర్తుపెట్టుకోవడానికీ, ఏది ఉంచుకోవాలో ఏది పారెయ్యాలో తేల్చుకోవడానికీ నేర్పు కావాలనీ జస్టిస్ హిదాయతుల్లా ఆ తీర్పులో రాశారు. రమ్మీ ఆడేవారందరికీ ఇది కంఠస్థం. అదే తీర్పులో మరో మాట కూడా ఉంది. ఆడించే యింటివాడో క్లబ్బువాడో ఆ ఆటమీద లాభం తీసుకుంటూ ఉంటే అది నేరం కావచ్చునని. ఈ రెండో మాట ఎవరికీ కంఠస్థం కాదు!

నిజానికి మన యింటి ఆటలన్నిటినీ ఒక నిచ్చెన మీద పెట్టవచ్చు. అట్టడుగున వైకుంఠపాళి. అందులో మనం తేల్చుకోవలసింది ఏమీ లేదు. పందెం పడినన్ని గడులు పోవడం, నిచ్చెన వస్తే ఎక్కడం, పాము వస్తే దిగడం. ఐదేళ్ళ పాపా, అరవై యేళ్ళ తాతా అక్కడ సమానమే. నిచ్చెన కొసన చదరంగం, పులిమేక ఉంటాయి. మూడు పులులూ పదిహేను మేకలూ అందరి కళ్ళముందే ఉంటాయి. అదృష్టానికి చోటు లేదు. మేకలవాడు ఓడితే తొందరపడి మేకను ఒంటరిగా, వెనక ఖాళీ వదిలి పెట్టాడన్నమాట. అష్టాచెమ్మా, రమ్మీ ఈ రెంటికీ నడుమ ఉంటాయి. పడేది అదృష్టం, నడిపేది నేర్పు.

అష్టాచెమ్మా లెక్క

అష్టాచెమ్మాలో నేర్పు ఎక్కడుందని అడిగేవారి కోసం కాస్త లెక్క చెబుతాను. నాలుగు గవ్వల్లో ఎన్ని వెల్లకిలా పడితే అంత పందెం. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, అంటే ఎనిమిది. ఈ రెంటికీ మరో పందెం అదనం. గవ్వలు రెండు వైపులకూ సమానంగా పడేవైతే, పదహారు పందేల్లో సగటున రెండు ఆరుసార్లూ, ఒకటి నాలుగుసార్లూ, మూడు నాలుగుసార్లూ పడతాయి. చెమ్మా ఒకసారి, అష్టా ఒకసారి.

దీన్నిబట్టి మొదటి పాఠం: శత్రువుకు రెండు గడుల ముందు ఎన్నడూ నిలబడకండి. అది అన్నిటికన్న ప్రమాదమైన చోటు. ఒక గడి ముందున్నా, మూడు గడుల ముందున్నా అంతకంటె నయం. నాలుగు గడుల ముందుంటే ఇంకా క్షేమం. ఆరు గడుల ముందుంటే చెమ్మా పడి, ఆ వెంటనే రెండు పడాలి. 256లో ఆరుసార్లు మాత్రమే అలా జరుగుతుంది.

రెండో పాఠం: ఒక కాయ పండాలంటే బయటి చుట్టు, లోపలి చుట్టు దాటి నడుమ యింటికి చేరేసరికి 24 గడులు నడవాలి. ఒక్కొక్క పందేనికి సగటున వచ్చేది రెండున్నర. కాబట్టి కాయ పండడానికి దాదాపు పది పందేల శ్రమ. నడుమ యింటి గుమ్మంలో ఉన్న కాయ చస్తే పది పందేలు పోయినట్టు. బయలుదేరిన గడి పక్కనే ఉన్నది చస్తే ఒక్క పందెం పోయినట్టు. రెండు కాయలూ ఆపదలో ఉంటే ముందు కాపాడవలసింది పాతకాయనే. పిల్లలు దీనికి సరిగ్గా ఎదురు చేస్తారు, కొత్తకాయ మీద ముద్దుతో.

గవ్వలు అన్నీ ఒకేలా ఉండవు సుమా! కొన్నిటి వీపు బరువు, కొన్నిటి పొట్ట చదును. అరగదీసిన చింతగింజలైనా అంతే. కొత్త గవ్వలు కొన్నప్పుడు వందసార్లు వేసి రాసుకుంటే వాటి గుణం తెలుస్తుంది. మా అత్తగారికి రాయనక్కరలేదు, చేతికే తెలుసు.

మూడోజాములో రమ్మీ

కుర్రవాడు ఈ లెక్కంతా విని, రమ్మీలోనూ ఇలాగే అంటూ మొదలుపెట్టాడు. వాడు చెప్పినదీ సరైనదే. జోకరు లేని వరుస ఒకటి ముందు కట్టాలి, అది లేకపోతే తక్కినవన్నీ దండగ. ఏడు ముక్క మూడేసి ముక్కల వరుసలు మూడింటిలో ఇముడుతుంది, రాజు రెండింటిలోనే. పైగా ఎదుటివాడు ముందు ఆట చూపిస్తే రాజు చేతిలో పది పాయింట్ల బరువు. పదమూడు ముక్కల్లో జోకరూ లేక, వరుసకు దారీ లేకపోతే మొదట్లోనే 20 ఇచ్చి తప్పుకోవాలి గాని, 80కి ఎదురుచూడకూడదు.

మా అత్తగారు అంతా విన్నారు. అప్పుడు లోపలికి వెళ్ళి చింతగింజల డబ్బా తెచ్చారు.

"ఏమిరా, గంత నేర్పున్నోనివి. ఆడి చూపెట్టు. నలుగురికి ఇరవై ఐదేసి గింజలిస్త. ఆటకు ఐదు గింజలు పెట్టున్రి. గెలిచినోడు అన్నీ తీసుకోవాలె. నేను ఆడ. దీపంల నూనె పోస్త, చాయ పెడ్త. ఆటకు రెండు గింజలు నాకియ్యాలె. ఒప్పుకున్నట్టేనా?"

గుప్పిట మూసి అడిగారు. ఇరవై గింజల్లో రెండే గదా, అందరం ఒప్పుకున్నాం. మా ఆయన, యారాలు, పిల్లవాడు, నేను కూర్చున్నాం. వాడు నిజంగానే బాగా ఆడాడు. నేను పారేసిన ప్రతి ముక్కా వాడికి గుర్తే. మా ఆయన గింజలు అయిపోయి మూడోజాములోనే లేచి పడుకున్నారు. మిగిలిన ముగ్గురం ఆడాం. కోడి కూసేసరికి ముప్పై ఆటలయ్యాయి.

లెక్కపెట్టాం. వాడి దగ్గర 31 గింజలు. యారాలి దగ్గరా నా దగ్గరా కలిసి తొమ్మిది. మా అత్తగారి ఒళ్ళో అరవై!

"నువ్వే గెల్చినవురా" అన్నారావిడ. "రాత్రంత కూసుంటె నీకు మిగిలినయి ఆరు గింజలు. మీ అమ్మది, చిన్నమ్మది, చిన్నాయనది ఊడ్చుకపోయింది. ఇగ రేపు ఎవరితోటి ఆడ్తవు? నేనైతె ముక్క ముట్టుకోలె."

వాడు మాట్లాడలేదు. కొంచెంసేపటికి మా యారాలి భుజంమీద తల ఆనించి ఏడ్చాడు. ఐదు నెలల జీతం పోయిందట. స్నేహితుల దగ్గర అప్పు, మోటారు సైకిలు తాకట్టు. మొదట్లో గెలిచాడట. ఆ తర్వాత తనంత నేర్పున్నవాళ్ళూ, తనకన్న ఎక్కువ నేర్పున్నవాళ్ళూ ఎదురయ్యారు. ప్రతి ఆటలోనూ ఆడించేవాడి వాటా మాత్రం తప్పలేదు.

లెక్క చూడండి. సమానమైన నేర్పు గల ఇద్దరు చెరి వంద రూపాయలు పెట్టారనుకుందాం. నూటికి పది ఆడించేవాడు తీసుకుంటే గెలిచినవాడికి వచ్చేది 180. యాభై ఆటలు ఆడి చెరి ఇరవై ఐదు గెలిచినా, ఒక్కొక్కరికి ఐదువందలు నష్టం. నేర్పు ఉన్నదా లేదా అన్నది ఇక్కడ ప్రశ్నే కాదు.

ఆ సంవత్సరం జూన్‌లోనే తెలంగాణ ప్రభుత్వం 1974 నాటి గేమింగు చట్టాన్ని ఆర్డినెన్సుతో సవరించి, డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో రమ్మీ ఆడడాన్ని కూడా జూదంలో చేర్చింది. ఆంధ్రప్రదేశ్ 2020లో అదే దారి పట్టింది. 2025 ఆగస్టులో పార్లమెంటు, నేర్పు ఆటైనా అదృష్టపు ఆటైనా డబ్బు పందెంతో ఆన్‌లైన్‌లో ఆడించకూడదని దేశమంతటికీ చట్టం చేసింది. ఆ చట్టంలో శిక్ష ఆడించేవారికే గాని ఆడినవారికి కాదు. మా అత్తగారి తీర్పూ అటువంటిదే. మనవడిని ఆవిడ ఒక్క మాట అనలేదు. తన చేతి గాజులు రెండు ఇచ్చి బండి విడిపించమన్నారు. నెలనెలా జీతంలోంచి తిరిగి కట్టాలని షరతు. ఆ షరతు కూడా గుప్పిట మూసే చెప్పారు. ఏడాదిన్నరకు గాజులు మళ్ళీ ఆవిడ చేతికి వచ్చాయి.

పాఠకులకు నా మనవి ఒక్కటే. పిల్లల్ని ఆటలు మానమనకండి. పటం గీయండి, ముక్కలు పంచండి, ఎత్తులు నేర్పండి. కాని ఆట మొదలయ్యే ముందు అడగవలసినవి అడగమని కూడా నేర్పండి. జంట చస్తుందా, మూడు చెమ్మాలు మురుగుతాయా, ఆడకుండా కూర్చున్నవాడికి ఎన్ని గింజలు?

మూడో ప్రశ్న మా యింట్లో ఇప్పుడు అందరికన్న ముందు అడిగేవాడు ఆ కుర్రవాడే. జంట కాయల సంగతి మాత్రం ఇంతవరకూ తేలలేదు. దెగ్లూరు వారు ఒప్పుకోవడం లేదు.