బిడ్డ సంరక్షణ ఖర్చు, తల్లి జీతం: ఒక లెక్క

మాదాపూర్‌లో సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైంది. ఆ తరువాత గచ్చిబౌలి, కొండాపూర్ వైపు విస్తరించిన ఐటీ కార్యాలయాలకు ఎన్నో కుటుంబాలు వేరే జిల్లాల నుంచి వచ్చి చేరాయి. అమ్మమ్మో నాయనమ్మో పక్క వీధిలో ఉండరు. బిడ్డ పుట్టిన ఇంట్లో కొన్నాళ్ళకు ఒక మాట వినబడుతుంది: "నీ జీతమంతా డే కేర్‌కే పోతుంటే ఉద్యోగం దేనికి?" ఈ ప్రశ్నను అవకాశ వ్యయం అనే భావనతో పరిశీలిద్దాం.

ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకోండి. తల్లికి నెలకు చేతికి వచ్చేది రూ. 45,000, తండ్రికి రూ. 70,000. డే కేర్ ఫీజు రూ. 15,000. అది మూసే వేళకు ట్రాఫిక్ దాటి చేరలేరు కాబట్టి సాయంత్రం ఆయాకు రూ. 7,000. తల్లి రాకపోకలకు రూ. 4,000, బయట తిండికి అదనంగా రూ. 2,000. మొత్తం రూ. 28,000 పోగా మిగిలేది రూ. 17,000. ఇంటి అద్దె, బియ్యం ఇందులో చేర్చలేదని గమనించండి. ఆమె ఉద్యోగం మానినా అవి తప్పవు. ఉద్యోగం వల్ల అదనంగా అయ్యే ఖర్చునే తీసివేయాలి.

ఇక్కడితో ఆగితే లెక్క తప్పుతుంది. మూలవేతనం రూ. 30,000 అనుకుంటే, భవిష్యనిధికి 12 శాతం చొప్పున ఉద్యోగి వాటా రూ. 3,600, యజమాని వాటా మరో రూ. 3,600. యజమాని వాటాలో కొంత పింఛను పథకానికి పోయినా, ఈ రూ. 7,200 ఆమె సంపాదనే. అంటే అసలు మిగులు రూ. 24,200. కాలాన్ని కూడా లెక్కించాలి. జీతం ఏటా 8 శాతం పెరిగితే మూడేళ్ళకు రూ. 45,000 కాస్తా దాదాపు రూ. 56,700 అవుతుంది. మూడేళ్ళు మాని పాత జీతానికే చేరితే నెలకు రూ. 11,700 తేడా. బిడ్డ బడికి వెళ్ళాక డే కేర్ ఖర్చు తగ్గుతుంది గాని, ఈ తేడా ఏళ్ళ తరబడి సాగుతుంది.

మరి ఖర్చంతా తల్లి జీతంలోంచే ఎందుకు తీయాలి? ఆమె జీతంలో రూ. 28,000 అంటే 62 శాతం, ఇద్దరి జీతంలో 24 శాతమే. అయితే ఎవరో ఒకరు మానక తప్పదనుకుంటే, తక్కువ జీతం ఉన్నవారు మానడమే ఆ నెలకు లాభంగా కనిపిస్తుంది. అలా మానినందువల్ల ఆ జీతం ఇంకా వెనకబడుతుంది. సంపన్న దేశాల్లో స్త్రీ పురుషుల ఆదాయ వ్యత్యాసం మొదటి బిడ్డ పుట్టాకే ఎక్కువగా పెరుగుతుందని, 2023లో నోబెల్ బహుమతి పొందిన క్లాడియా గోల్డిన్ పరిశోధనలు చూపాయి.

ఊరి నుంచి అత్తగారు వస్తే ఖర్చు లేనట్లేనా? ఆమె అక్కడ రెండు గేదెలను అమ్మి వస్తే, పోయిన పాల డబ్బే ఆమె శ్రమకు అవకాశ వ్యయం. జాతీయాదాయ లెక్కల్లో మాత్రం ఆమె సంరక్షణ కనిపించదు.

చట్టం కొంత భారాన్ని యజమానిపై పెట్టింది. 2017 సవరణ మొదటి ఇద్దరు బిడ్డలకు ప్రసూతి సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచింది. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు శిశు సంరక్షణ కేంద్రం ఏర్పాటు చేయాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు బిడ్డను చూసి రావచ్చని చెప్పింది. ఇళ్ళలో పనిచేసే ఆయాకు ఇవేవీ అందవు. ఆమె బిడ్డకు దిక్కు 1975లో మొదలైన పథకం కింద నడిచే అంగన్‌వాడీ. అది ఆమె పని ముగియకముందే మూతపడుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: పై ఉదాహరణలో కార్యాలయంలోనే ఉచిత శిశు సంరక్షణ కేంద్రం ఉండి, డే కేర్, ఆయా ఖర్చులు రెండూ తప్పితే తల్లి అసలు మిగులు ఎంత?