మీకు తెలుసా? ఖాళీ గడులు పట్టించిన వార్తకు పులిట్జర్

క్విజ్‌లకూ సరదా జాబితాలకూ పేరుపడ్డ అమెరికా సైట్ బజ్‌ఫీడ్ వార్తా విభాగానికి 2021లో పాత్రికేయ రంగపు పులిట్జర్ బహుమతి వచ్చింది. అంతకన్నా విచిత్రం, దాన్ని పంచుకున్న ముగ్గురిలో ఒకరు ఆర్కిటెక్టు, ఇంకొకరు ప్రోగ్రామర్! విలేకరి మేఘా రాజగోపాలన్ ఒక్కరే.

చైనాలోని షిన్‌జియాంగ్‌లో ఉయ్‌గర్ ముస్లింలను ఎక్కడెక్కడ నిర్బంధించారన్నది వాళ్లు తేల్చాల్సిన సంగతి. మేఘాకు చైనా 2018లోనే వీసా నిరాకరించింది. వెళ్లి చూసే దారి లేదు. అప్పుడు చైనా మ్యాప్ సేవ బైదూలో ఒక తేడా కంటపడింది. నిర్బంధ కేంద్రమని ముందే తెలిసిన చోటును దగ్గరకు లాగి చూస్తే, బొమ్మకు బదులు లేత బూడిదరంగు ఖాళీ గడి కనిపించేది. దాచాలని కప్పిన ముసుగే ఆచూకీ చెప్పేసిందన్నమాట! అలాంటి గడులను కంప్యూటర్‌తో ఏరి, ఇతర ఉపగ్రహ చిత్రాల్లో అవే చోట్లు వెతికితే 2017 తర్వాత కట్టిన 260కి పైగా నిర్మాణాలు బయటపడ్డాయి. గోడలు, కాపలా బురుజులతో సహా. మేఘా, చైనా పొరుగున ఉన్న కజకిస్థాన్ వెళ్లి, ఆ నిర్బంధ కేంద్రాల నుంచి బయటపడ్డ వారితో మాట్లాడారు.

అసలు పులిట్జర్ పోటీలోకి బజ్‌ఫీడ్ లాంటి అచ్చుపత్రిక లేని వార్తా సైట్లను రానిచ్చింది 2009 బహుమతుల నుంచే. మరుసటి ఏడాదే ప్రోపబ్లికా అనే వార్తా సైట్ ఒక బహుమతి గెలిచింది. న్యూయార్క్ టైమ్స్ మ్యాగజైన్‌తో కలిసి వేసిన కథనమది. 2011లో మాత్రం అచ్చులో రాని కథనాలకే అందుకుంది.

ఇక బజ్‌ఫీడ్ వార్తా విభాగం, పులిట్జర్ వచ్చిన రెండేళ్లకే, 2023లో మూతపడింది.